హారము, యష్టి, ఏకావళి: మౌక్తికహారపు నిలుకడను గూర్చి ఒక పరిశీలనము

ఉపోద్ఘాతము

ఆభరణములలో కాలముతోబాటు మారక నిలిచినవి మిక్కిలి కొలది. అమరసింహుడు మనుష్యవర్గమున పేర్కొనిన భూషణములలో పెక్కింటికి వ్యాఖ్యానము లేనిదే నేడు అర్థము తెలియదు. పారితథ్య, వాలపాశ్య, లలంతిక అను పేర్లను వల్లించు విద్యార్థి ఆ వస్తువులను ఏ అంగడియందును ఆ పేర్లతో చూడజాలడు. ఏకావళి సంగతి వేరు. దానిని చూపుటకు వ్యాఖ్యానముతో పనిలేదు. ఇచ్ఛాపురపు బజారులోని చిన్న దుకాణమునందైనను, హైదరాబాదునందలి పత్తరుగట్టీయందైనను ఒంటిపేట ముత్యాలదండ నేటికిని వ్రేలాడుచునే యున్నది. ఒక పదమును, ఆ పదము చెప్పు వస్తువును రెండువేల యేండ్లకు తక్కువగాని కాలము కలిసి నడచుట అరుదైన విషయము.

ఇట్లేల జరిగినది? ముత్యపు చల్లదనము, చంద్రకాంతిని బోలు నిగ్గు, సముద్రగర్భమునుండి వచ్చిన దన్న ఆశ్చర్యము మొదలైనవి సాధారణముగా చెప్పెడు కారణములు. ఇవి ముత్యపు ఆకర్షణను చెప్పునవే కాని హారపు నిలుకడను చెప్పునవి కావు. వజ్రమునకును, మాణిక్యమునకును ఇంతకంటె మిక్కుటమైన కాంతి కలదు. కాని వాని ఆభరణముల రూపములు తరతరమునకును మారినవి. మౌక్తికహార మొక్కటియే మారలేదు. దానికి కారణమును ముత్యమునందు గాక, హారమును నిర్వచించిన శాస్త్రపద్ధతియందు వెదకుట ఈ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. కౌటిల్యుని మౌక్తికపట్టికలో కనబడు "మాహేంద్రము" అను పేరు కళింగమునందలి మహేంద్రగిరికి చెందునా కాదా అను విషయమును నిష్పక్షపాతముగా పరిశీలించుట రెండవది.

పదవిచారము

సంస్కృతమున ముక్త, మౌక్తికము అను పదములు ముచ్ ధాతువునకు సంబంధించిన వనియు, చిప్పనుండి విడివడినది కనుక ముక్త యైన దనియు సంప్రదాయవ్యుత్పత్తి. మౌక్తికశబ్దము ప్రాకృతమున "మోత్తిఅ" యై, తెలుగున "ముత్తియము" గను, పిదప "ముత్యము" గను మారినది. తమిళమునందలి "ముత్తు" శబ్దమునే సంస్కృతము "ముక్త" గా సంస్కరించుకొనె నని కొందరు భాషాశాస్త్రజ్ఞుల తలపు. ముత్యములు దొరకు పేరెన్నికగన్న సముద్రము పాండ్యదేశమునం దుండుటచే ఆ తలపును తేలికగా త్రోసివేయ వీలు లేదు.

పదము ఎటునుండి ఎటు నడచినను తెలుగువాడు దానిని తనదిగా చేసికొనెను. గుండ్రనై దోషములేని దానికి ఆణిముత్య మని పేరు. దండయందలి ఒక్కొక్క వరుసకు పేట, సరము అను పేర్లు కలవు. మూడుపేటల దండ, అయిదుపేటల దండ అని నేటికిని వ్యవహారము. సంస్కృతమునందలి "యష్టి" శబ్దమునకు తెలుగున ఈ "పేట" యే సరియైన మాట. యష్టి యనగా కఱ్ఱ యను అర్థము మాత్ర మెఱిగిన విద్యార్థి హారప్రకరణమున తడబడుట కలదు. పేట యని చెప్పినంతనే ఆ చిక్కు విడిపోవును.

యష్టుల లెక్క

కౌటిలీయార్థశాస్త్రము రెండవ అధికరణమున, కోశమున చేర్చదగిన రత్నముల పరీక్షను చెప్పు అధ్యాయమున, హారభేదములు చెప్పబడినవి. వరాహమిహిరుడు బృహత్సంహితయందలి ముక్తాలక్షణాధ్యాయమున ఇవియే భేదములను కొలది మార్పులతో చెప్పెను. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచిన ఇట్లు కనబడును.

ఇంద్రచ్ఛందము (వరాహమిహిరుని యందు ఇందుచ్ఛందము): ఇద్దఱికిని 1008 పేటలు.
విజయచ్ఛందము: ఇద్దఱికిని అందు సగము, అనగా 504.
హారము: వరాహమిహిరునకు 108. కౌటిల్యుడు ఈ పేరిట సంఖ్య చెప్పలేదు.
దేవచ్ఛందము: కౌటిల్యునకు 100, వరాహమిహిరునకు 81.
అర్ధహారము: ఇద్దఱికిని 64.
రశ్మికలాపము: ఇద్దఱికిని 54.
గుచ్ఛము: ఇద్దఱికిని 32.
నక్షత్రమాల: కౌటిల్యునకు 27 పేటలు, వరాహమిహిరునకు 27 ముత్యములు.
అర్ధగుచ్ఛము: కౌటిల్యునకు 24, వరాహమిహిరునకు 20.
మాణవకము: కౌటిల్యునకు 20, వరాహమిహిరునకు 16.
అర్ధమాణవకము: కౌటిల్యునకు 10, వరాహమిహిరునకు 12.
మందరము, హారఫలకము: వరాహమిహిరుని యందు మాత్రమే. క్రమముగా 8, 5.

ఈ పట్టికను చూచినవారికి మూడు విషయములు తోచును.

మొదటిది. పెద్ద సంఖ్యలు గల భేదములందు గ్రంథకర్త లిద్దఱికిని భేదము స్వల్పము. చిన్న సంఖ్యలు గల భేదములందే భేద మధికము. వేయియెనిమిది పేటల హారమును మనుష్యు లెవ్వరును నిత్యము ధరింపజాలరు. వరాహమిహిరుడు దానిని దేవతాభూషణముగనే చెప్పి, నాలుగు హస్తముల పొడవును విధించెను. వాడుకలో లేనిది గ్రంథమున మారక నిలుచును. వాడుకలో నున్నది కాలమునుబట్టి దేశమునుబట్టి మారును. కాబట్టి మాణవకము, అర్ధగుచ్ఛము మొదలైనవాని సంఖ్యాభేదము లేఖకదోషము కానక్కరలేదు. అవి జనుల మెడలందు నిజముగా నుండె ననుటకే అది సాక్ష్యము కావచ్చును.

రెండవది. "అర్ధ" శబ్దమును సరిగా సగ మని గ్రహించినచో లెక్క కుదురదు. వరాహమిహిరుని హారము 108 పేటలు. అందు సగము 54. కాని 54 పేటలదానికి రశ్మికలాప మని వేరు పేరు. అర్ధహారము 64 పేటలది. అట్లే 32 పేటల గుచ్ఛమునకు అర్ధగుచ్ఛము 16 కావలసియుండగా 20 అని చెప్పబడినది. కనుక హారప్రకరణమున అర్ధశబ్దము "చిన్నది" యను అర్థమున రూఢమని గ్రహించుట యుక్తము.

మూడవది ముఖ్యము. వరాహమిహిరుని సంఖ్యలను వేరుచేసి చూచిన రెండు వరుసలు బయటపడును. 108, 81, 54, 27 అనునవి ఒక వరుస. ఇవి నక్షత్రసంఖ్యయైన 27ను నాలుగు, మూడు, రెండు, ఒకటి చేత గుణించగా వచ్చినవి. 64, 32, 16, 8 అనునవి రెండవ వరుస. ఇవి ఒకదానిలో నొకటి సగము. కౌటిల్యుని యందు 100గా నున్న దేవచ్ఛందము వరాహమిహిరుని యందు 81 యగుటకు హేతు వీ మొదటి వరుసయందే కలదని ఊహింపవచ్చును. జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన ఆయన దృష్టిలో హారము నక్షత్రచక్రపు పాదములకు సరిపడినది. రెండవ వరుస శిల్పి సౌకర్యమునకు సంబంధించినదిగా కనబడుచున్నది. దారమును రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడచుకొనుచు పోయిన వచ్చు సంఖ్య లవియే. ఇది ఊహయే యైనను, ఆకసపు లెక్కయు చేతిపని లెక్కయు ఒకే ప్రకరణమున కలిసియున్న వనుట స్పష్టము.

ఇరువదియేడు పేటలా, ఇరువదియేడు ముత్యములా?

నక్షత్రమాల విషయమున గల భేదము సామాన్యమైనది కాదు. కౌటిల్యుని నక్షత్రమాల ఇరువదియేడు పేటలది. అమరసింహుని నక్షత్రమాల ఒక్కపేటది. ఏకావళియే ఇరువదియేడు ముత్యములతో కూడిన నక్షత్రమాల యగునని ఆయన మతము. వరాహమిహిరుడును ఇరువదియేడు ముత్యములనే చెప్పి, హస్తప్రమాణమును విధించెను. ఇందు ఏది సరి యని వాదించుటకంటె, ఏమి జరిగినదో గ్రహించుట మేలు.

కౌటిల్యుడు చెప్పినది రాజకోశమున చేరు వస్తువు. అచట సంఖ్య పేటలకు చెందును. అమరుడు చెప్పినది లోకమున వాడబడు నామము. అచట అదే సంఖ్య ముత్యములకు చెందును. ఆభరణ మెంతయో చిన్నదైనది. పేరు మాత్రము చెడలేదు. పేరు నిలుచుటకు కారణము సంఖ్య నిలుచుటయే. రాజునకు ఇరువదియేడు పేటలు, గృహిణికి ఇరువదియేడు ముత్యములు. ఇద్దఱిదియు నక్షత్రమాలయే.

అమరుడు హారభేదములలో దేవచ్ఛందము, ఏకావళి, నక్షత్రమాల అను మూడింటికే సంఖ్య చెప్పెను. గుచ్ఛము, గుచ్ఛార్ధము, గోస్తనము, అర్ధహారము, మాణవకము అనువానికి పేటల భేదముచేత హారభేద మని మాత్రమే సూచించి విడిచెను. వ్యాఖ్యాతల సంఖ్యాభేదములకు ఇదియే అవకాశ మిచ్చినది. గురుబాలప్రబోధికతో అమరమును చెప్పు ఉపాధ్యాయుడు ఈ మూడింటిని స్థిరములుగాను, తక్కినవానిని వ్యాఖ్యాగతములుగాను వేరుచేసి చెప్పుట ఉచితము. లేనిచో విద్యార్థి వ్యాఖ్యాత మాటను మూలకారుని మాటగా భ్రమించును.

ఈ నక్షత్రమాలయే వాఙ్మయమునకును ఎక్కినది. ఇరువదియేడు పద్యముల స్తుతికి నక్షత్రమాల, తారావళి అను పేర్లు సంస్కృతాంధ్రములందు ప్రసిద్ధములు. విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున తారావళిని క్షుద్రప్రబంధములలో పరిగణించెను. మెడలోని దండయందలి సంఖ్య పద్యముల సంఖ్యగా మారినను దాని వ్యవస్థ చెడలేదు.

కూర్పు, వేధము, సూత్రము

సంఖ్యతోబాటు క్రమమును కూడ కౌటిల్యుడు నిర్వచించెను. శీర్షకము, ఉపశీర్షకము, ప్రకాండకము, అవఘాటకము, తరళప్రతిబద్ధము అని పేటలు అయిదు విధములు. వీనిలో శీర్షకమున నడుమ ఒక్క పెద్ద ముత్యము, ఇరువైపుల సమానమైన చిన్న ముత్యములు. అవఘాటకమున నడుమ పెద్దది, ఇరువైపులకు పోను పోను క్రమముగా చిన్నవి. తరళప్రతిబద్ధమున ముత్యములన్నియు సమానములు. నేటి నగల అంగడిలో ఒంటిపేట దండలను చూపుమన్నచో వర్తకుడు చూపునవి ముఖ్యముగా రెండు విధములు. అన్నియు సమానముగా నున్నది యొకటి, నడుమనుండి క్రమముగా సన్నగిల్లునది మఱియొకటి. అనగా తరళప్రతిబద్ధమును, అవఘాటకమును. వర్తకునకు ఈ పేర్లు తెలియవు. అతని చేతిలోని వస్తువు మాత్రము అదియే.

శుద్ధముగా ముత్యములే గల ఒంటిపేట ఏకావళి. దాని నడుమ మణియున్నచో యష్టి. బంగారమును మణులును కలిసి విచిత్రమైనచో రత్నావళి. వరాహమిహిరుడును ఏకావళికిని యష్టికిని ఇదే భేదమును చెప్పెను. దీనినిబట్టి కాళిదాసు మేఘసందేశమున చర్మణ్వతీనదిని భూమికి ఒంటిపేట ముత్యాలసరముగను, నీరు గ్రోల వంగిన మేఘమును దాని నడుమనున్న పెద్ద ఇంద్రనీలముగను వర్ణించిన చోట, ఆ ఆభరణము శాస్త్రరీత్యా యష్టి యగును కాని ఏకావళి కాదు. రఘువంశము పదుమూడవ సర్గమున గంగాయమునల సంగమమునకు ఇంద్రనీలములతో గ్రుచ్చిన మౌక్తికాభరణమును ఉపమానము చేసినపుడు ఆ కవి యష్టిశబ్దమునే వాడెను. కవి మాట శాస్త్రపు మాటతో ఇంత సరిగా కుదురుట పాఠము చెప్పునపుడు గమనింపదగినది.

మంచి ముత్యపు గుణములలో కౌటిల్యుడు స్థూలత, వర్తులత, కాంతి, తెలుపు, బరువు, స్నిగ్ధత మొదలైనవానితోబాటు "దేశవిద్ధము" అను గుణమును చేర్చెను. తగిన చోట తొలువబడిన దని అర్థము. దోషములలో "దుర్విద్ధము" ను చేర్చెను. తక్కిన గుణములు చిప్పయందు పుట్టునవి. ఇది మాత్రము మనుష్యుని చేతియందు పుట్టునది. రంధ్రము నడిమి గీటున లేనిచో ముత్యము పేటయందు ఒరగును. ఒక్కటి ఒరిగిన పేట అంతయు వంకరగా కనబడును. ఇతర రత్నములను కోసి, సానపట్టి, చెక్కి బంగారమున పొదుగుదురు. ముత్యమునకు కోతయు సానయు లేవు. దానికి గల ఏకైక సంస్కారము వేధము. ఆ వేధము సూత్రముకొఱకే. అనగా ముత్యము పుట్టుకతో ఒంటరిది. దానిని తొలిచిన క్షణమున అది హారమున ఒక అంగమగుటకు సిద్ధమగును.

దీనికి తోడు మఱియొక సంగతి. ముత్యము ముఖ్యముగా సున్నపు ద్రవ్యము. మిక్కిలి మెత్తనిది. ఒకదానితో నొకటి ఒరసికొనినను, చెమట తగిలినను, పులుపు సోకినను నిగ్గు తఱుగును. అందుచే మంచి దండయందు ముత్యమునకు ముత్యమునకు నడుమ పట్టుదారమున ముడివేయుదురు. దారము తెగినను ఒక్క ముత్యమే జాఱును, తక్కినవి నిలుచును. సముద్రతీరమున, గాలియందు తేమయు ఉప్పును మిక్కుటముగా నుండుటచే, దారము త్వరగా చివుకును. ధరించిన వెంటనే మెత్తని వస్త్రముతో తుడుచుట, కొన్ని యేండ్లకొకసారి దారము మార్చి మరల గ్రుచ్చించుట అవశ్యకములు. ఇట్లు హారము తరతరమునకు విడదీయబడి మరల కూర్చబడు వస్తువు. పేటలు పంచుకొనవచ్చును, కలుపవచ్చును, తగ్గింపవచ్చును. ఈ గుణమే దాని ఆయుర్దాయమును పెంచినది. తల్లి మూడుపేటల దండ ముగ్గురు కూతుండ్రకు మూడు ఏకావళులు కాగలదు. వజ్రపు పతకము అట్లు కాజాలదు.

మాహేంద్రమౌక్తికము

కౌటిల్యుడు ముత్యములు లభించు స్థలములనుబట్టి తామ్రపర్ణికము, పాండ్యకవాటకము, పాశిక్యము, కౌలేయము, చౌర్ణేయము, మాహేంద్రము, కార్దమికము, స్రౌతసీయము, హ్రాదీయము, హైమవతము అను పది పేర్లు చెప్పెను. ఇందు మాహేంద్ర మను పేరు వినగనే ఇచ్ఛాపురము, మందస, పలాస ప్రాంతముల పాఠకునకు మహేంద్రగిరి స్ఫురించుట సహజము. ఆ కొండ ఈ సీమకు ఆనవాలు. తూర్పుగాంగరాజుల తామ్రశాసనములు మహేంద్రాచలమునందలి గోకర్ణస్వామిని కీర్తించినవి. ఆ కొండపేరు ధరించిన మహేంద్రతనయానది బారువవద్ద సముద్రమున కలియుచున్నది. కనుక ప్రాచీనకాలమున ఉద్దానపు తీరమున ముత్యములు లభించె నని చెప్పుటకు మనస్సు ఉబలాటపడును. ప్రమాణములను తూచి చూచిన పిమ్మటగాని ఆ మాట పలుకరాదు.

కళింగపక్షమున గల బలము, ఆ పేరు ఆ కొండకు సుప్రసిద్ధ మగుటయే. రఘువంశమునందును మహేంద్రనాథుడు కళింగరాజే. దీనికి ఎదురుగా నాలుగు ప్రమాణములు కలవు.

మొదటిది పట్టికయందలి క్రమము. తామ్రపర్ణియు పాండ్యకవాటమును దక్షిణదేశమునవి. కౌలేయమును సింహళమునకును, చౌర్ణేయమును కేరళమునకును వ్యాఖ్యాతలు ముడిపెట్టిరి. ఈ దాక్షిణాత్యవర్గము ముగియు చోట మాహేంద్రము కలదు. వాల్మీకిరామాయణము కిష్కింధాకాండమున సుగ్రీవుడు దక్షిణదిక్కును వర్ణించుచు తామ్రపర్ణిని, ముత్యములతో మణులతో అలంకృతమైన పాండ్యుల కవాటమును, పిదప మహేంద్రపర్వతమును చెప్పెను. హనుమంతుడు లంకకు లంఘించినది ఈ మహేంద్రమునుండియే. అది దక్షిణసముద్రపు మహేంద్రము కాని కళింగపు మహేంద్రము కాదు. తామ్రపర్ణి, పాండ్యకవాటము, మహేంద్రము అను మూడు పేర్లు రెండు గ్రంథములందును అదే క్రమమున వచ్చుట యాదృచ్ఛిక మనరాదు.

రెండవది కాళిదాసు సాక్ష్యము. రఘువు దిగ్విజయమున కళింగమునకు వచ్చినపుడు ఆయన సైనికులు తమలపాకులతో కొబ్బరికల్లు గ్రోలిరని కవి చెప్పెను. ఇందుమతీస్వయంవరమున కళింగరాజు హేమాంగదుని వర్ణించుచు సముద్రతరంగముల ఘోషను, గలగలలాడు తాటితోపులను, ద్వీపాంతరములనుండి లవంగపుష్పముల నెత్తివచ్చు గాలిని చెప్పెను. ముత్యపు మాట లేదు. అదే సర్గమున పాండ్యరాజు వచ్చినపుడు భుజములనుండి వ్రేలాడు హారముతో ఆయనను చూపెను. దిగ్విజయమున తామ్రపర్ణి సముద్రమున కలియు చోటి ముత్యములను పాండ్యులే రఘువునకు సమర్పించిరి. దేశమునకు తగిన వస్తువును ఎన్నుకొనుటలో కాళిదాసు జాగరూకుడు. కొబ్బరితోటల ఉద్దానమును చూచినవారు ఆయన కళింగమునకు కొబ్బరినే యేల ఇచ్చెనో చెప్పగలరు.

మూడవది వరాహమిహిరుని మౌనము. ముత్యములకు ఆయన చెప్పిన ఆకరములు సింహళము, పారలోకము, సౌరాష్ట్రము, తామ్రపర్ణి, పారశవము, కౌబేరము, పాండ్యవాటము, హైమము. మహేంద్రము వానిలో లేదు.

నాలుగవది సముద్రస్వభావము. ముత్యపుచిప్పలు గుంపులుగా పెరుగుటకు గట్టి రాతినేలయు, మన్ను తక్కువగా గల నీరును కావలెను. మన్నారు సింధుశాఖయందు అట్టి దిబ్బలు కలవు. తూత్తుకుడివద్ద వానినుండి ముత్యములు తీయు పని 1961 వఱకు అప్పుడప్పుడు సాగినది. ఉద్దానపు తీరము పొడవైన ఇసుకతీరము. బాహుద, మహేంద్రతనయ, వంశధార మున్నగు నదులు ఒండ్రును తెచ్చి కడలిలో కలుపుచుండును. చిప్పలు అక్కడక్కడ ఉండవచ్చునే కాని, రాజకోశమునకు ఎన్నదగిన ఆకరముగా ఆ తీరము ఉండె ననుటకు ఆధారము లేదు.

కాబట్టి కౌటిల్యుని మాహేంద్రము దక్షిణసముద్రతీరపు మహేంద్రమునకే చెందు ననుట బలవత్తరము. ఈ నిర్ణయము స్వదేశాభిమానమునకు కొంత లోటుగా తోచవచ్చును. కాని లేని ముత్యమును ఉన్నదనుటచే ఏ ప్రాంతమునకును గౌరవము పెరుగదు. ఆ తీరమునకు న్యాయముగా చెందిన హారము వేఱొకటి కలదు.

ఏకావళియు తరళయు

విద్యాధరుడు రచించిన అలంకారగ్రంథమునకు ఏకావళి యని పేరు. అందలి ఉదాహరణము లన్నియు నరసింహభూపతిని కీర్తించునవి. ఆతడు ఉత్కళకళింగముల నేలిన గాంగవంశీయుడు. ఆ వంశమున ఏ నరసింహుడన్న విషయమున పండితులకు మతభేద మున్నను, గ్రంథము పదుమూడవ శతాబ్దికిని పదునాల్గవ శతాబ్దికిని నడుమ పుట్టె ననుటలో సందేహము లేదు. గాంగుల తొలి రాజధాని కళింగనగరము నేటి ముఖలింగము. వారి కులదైవము మహేంద్రాచలవాసి. కనుక మహేంద్రనాథుల వంశపు ఆస్థానమున ఒక ఏకావళి కూర్చబడెను. అది అక్షరములతో కూర్చబడెను.

దానికి వ్యాఖ్య వ్రాసినవాడు కొలచల మల్లినాథసూరి. మెదకుసీమయందలి కొల్చారము ఆయన యూరు. ఆ వ్యాఖ్యకు ఆయన ఇడిన పేరు తరళ. హారమధ్యమున నుండు మణికి తరళ మని అమరసింహుడు చెప్పెను. ఏకావళి అను హారమునకు నడిమిమణిగా తన వ్యాఖ్యను చేర్చితి నని మల్లినాథుని భావము. శాస్త్రరీత్యా నడుమ మణి చేరిన ఏకావళి యష్టి యగునని పైన చూచితిమి. రఘువంశమేఘసందేశములకు సంజీవని వ్రాసిన ఆ మహావ్యాఖ్యాతకు ఈ భేదము తెలియదనుట పొసగదు. మూలము ఒంటిపేటగా శోభించునది, వ్యాఖ్య చేరిన పిదప దాని జాతియే మారు నను వినయగర్వములు రెండును ఆ పేరున ధ్వనించుచున్నవి. ఆయన కుమారుడు కుమారస్వామి ప్రతాపరుద్రీయమునకు వ్రాసిన వ్యాఖ్యకు రత్నాపణ మని పేరిడెను. తండ్రి నడిమిమణిని చేర్చగా, కుమారుడు రత్నముల అంగడినే తెఱచెను.

ఏకావళి యను అలంకారలక్షణమును హారపు కూర్పునే అనుసరించినది. ముందు చెప్పిన దానికి వెనుక చెప్పినది విశేషణమగుచు, పంక్తిగా సాగుట దాని స్వరూపము. ఇందును ఒక్కొక్క పదార్థపు విలువకంటె వరుసయే ప్రధానము. ఈ వరుస 1910వ సంవత్సరమున మఱల కనబడినది. విజయనగరమునందు గురజాడ అప్పారావు తన నూతనచ్ఛందమున రచించిన కృతికి ముత్యాలసరములని పేరిడెను. మూడు పాదములు పదునాలుగేసి మాత్రలు, నాలుగవ పాదమున మాత్రలు తగ్గవచ్చును. సంప్రదాయవృత్తములను విడిచి క్రొత్త మార్గమును త్రొక్కిన కవియు తన ఛందస్సునకు పేరు కావలసినపుడు ప్రాచీనమైన యష్టినే ఆశ్రయించెను. క్రొత్తదనమునకు ప్రాచీనహారము అడ్డు రాలేదు.

ఆధునికదశ

గత శతాబ్దమున ముత్యమునకు వచ్చినంత మార్పు ఏ రత్నమునకును రాలేదు. 1917లో న్యూయార్కు నగరమున రెండుపేటల సహజమౌక్తికహార మొకటి పేరెన్నికగన్న వీథియందలి ఒక భవనమునకు మాఱుగా ఇయ్యబడినది. కార్టియరు సంస్థ ఆ భవనమున నేటికిని కలదు. జపానునందు మికిమోటో కోకిచీ 1893లో అర్ధముక్తలను పెంచుటలో సఫలుడైనాడు. పిదప గుండ్రని పెంపుడు ముత్యములు విరివిగా వచ్చుటచే సహజమౌక్తికముల వెల పడిపోయినది. ఆ న్యూయార్కు హారమే 1957లో తొలి విలువలో స్వల్పభాగమునకు అమ్ముడుపోయినది. భారతదేశమున 1973లో తూత్తుకుడివద్ద కేంద్ర సముద్రమత్స్య పరిశోధనసంస్థవారు ముత్యమును పెంచి చూపిరి. భువనేశ్వరమువద్ద కౌసల్యాగంగయందలి కేంద్రసంస్థ మన చెరువులలో సాధారణముగా దొరకు ఆలుచిప్పలందును ముత్యములు పెంచుటను అభ్యసింపజేసినది. కౌటిల్యుని హ్రాదీయము మడుగున పుట్టిన ముత్యమని పేరే చెప్పుచున్నది. ఆ పేరు నేడు క్రొత్త అర్థమున సార్థకమైనది.

హైదరాబాదు అంగళ్ళలో ఒకప్పుడు పారసీకసింధుశాఖనుండి వచ్చిన బస్రాముత్యములు ప్రసిద్ధములు. నిజాము ఆభరణములను 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొనినది. ఆ 173 వస్తువులలో సత్లడా అను ఏడుపేటల బస్రాముత్యాలహార మొకటి. నేడు అదే నగరమున తొలిచి గ్రుచ్చు ముత్యములలో పెక్కు చీనాదేశపు మంచినీటి ముత్యములు. సముద్రము మారినది, చిప్ప మారినది, వెల మారినది. గాజుపూసలపై పూత పూసినవియు వచ్చినవి. తొలుచు పని, గ్రుచ్చు పని, పేటల లెక్క మాత్రము మారలేదు.

పేటలు తగ్గినను హారము హారముగా నిలుచుటకు బరోడా హారము నిదర్శనము. గాయక్వాడ్ రాజుల ఏడుపేటల హారమునుండి ఎన్నిన 68 ముత్యములతో రెండుపేటల దండ కూర్చబడెను. అది 2007లో న్యూయార్కు వేలమున 70 లక్షల డాలర్లకు పైగా పలికినది. కౌటిల్యుని నక్షత్రమాల అమరుని నక్షత్రమాల యైన మార్గమే ఇది.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయము లివి. హారభేదములను శాస్త్రకారులు సంఖ్యచేతను క్రమముచేతను నిర్వచించిరి, ముత్యపు వెలచేత కాదు. వరాహమిహిరుని సంఖ్యలందు నక్షత్రసంఖ్యను అనుసరించిన వరుసయు, సగములను అనుసరించిన వరుసయు కలవు. అర్ధశబ్దము ఈ ప్రకరణమున రూఢము. నక్షత్రమాల పేటల సంఖ్యనుండి ముత్యముల సంఖ్యకు దిగినది. కౌటిల్యుని మాహేంద్రము కళింగమునకు చెందదు. కళింగాంధ్రములకు చెందినవి విద్యాధరుని ఏకావళియు, మల్లినాథుని తరళయు, గురజాడ ముత్యాలసరమును.

మౌక్తికహారము ఏ కాలమునకైనను క్రొత్తగా కనబడుటకు కారణము దీనివలన సులభముగా గ్రహింపవచ్చును. దానియందు మారదగినది ముత్యము, మారనిది లెక్క. ధనవంతునకును పేదకును, సముద్రపు ముత్యమునకును చెరువు ముత్యమునకును, కడపట గాజుపూసకును ఆ లెక్క సమానము.

ఉపాధ్యాయులకు ఒక సూచన. మనుష్యవర్గమున హారప్రకరణము వచ్చిన దినమున విద్యార్థుల చేతికి ఒక దారమును, ఇరువదియేడు తులసిపూసలను ఇచ్చి గ్రుచ్చుమనుట మంచిది. నడుమ ఒక ఎఱ్ఱపూసను చేర్చినపుడు ఏకావళి యష్టిగా మారుటను వారు తమ చేతులతో గ్రహింతురు. ముడి వదులైనచో ఏమగునో కూడ తెలియును. శ్లోకము కంఠమున నిలుచును, వస్తువు కంటియెదుట నుండును. పాఠశాలలలో ఈ రెండును వేరుపడిన నాటినుండియే పారితథ్య, వాలపాశ్య మొదలైనవి మనకు పేర్లుగా మాత్రమే మిగిలినవి.